బోళ్లు ఎవరు తోమాలె?

పొద్దుగాల్నే లేవాలె, వాకిలి ఊడ్వాలె, సానుపు చల్లాలె, బోళ్లు తోమాలె, నీళ్లు పట్టాలె, సద్ది కట్టాలె. అచ్చంపేట దిక్కు ఏ ఇంట్లోనైనా తెల్లారేది ఈ మాటలతోనే. ఇన్ని పనుల్లో చేసే మనిషి మాత్రం కనపడదు. మన భాషలో 'చెయ్యాలె' అనేది నేనైనా, నువ్వైనా, ఆమెయినా, వాళ్లైనా ఒక్కటే రూపం. తువ్వాలు, అలమారు వంటి ఇంటి మాటలను మనకిచ్చిన పోర్చుగీసులో అట్లా కాదు. ఈ పని చెయ్యాలని మామూలుగా చెప్పేటప్పుడు అక్కడ 'నేను' అంటే క్రియ ఒక తీరు, 'మేము' అంటే ఇంకో తీరు. వ్యాకరణం ఇంటిపనిని పంచిపెట్టదు, నిజమే. కాని మనం ఖాళీగా వదిలిన చోటును ప్రతి ఇంట్లోనూ ఆడమనిషే నింపుతున్నది.

చిన్నప్పటి నుంచే ఇది మొదలవుతుంది. బిడ్డతో 'బోళ్లు తోమాలె' అంటాం. కొడుకుతో 'అమ్మకు జర సాయం చెయ్ నాయనా' అంటాం. సాయం అన్నామంటే ఆ పని అమ్మదేనని తేల్చేసినట్టే.

2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్లు, ఆపై వయసున్న మగవాళ్లలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్లు 26.1 శాతం, ఆడవాళ్లలో 81.2 శాతం. చేసేవాళ్లలోనూ ఆమెకు రోజుకు 299 నిమిషాలు, అతనికి 97. పల్లి చేన్లల్ల కైకిలి చేసొచ్చి, చేతుల మట్టి కడుక్కొని పొయ్యి ముట్టించే పాలమూరు తల్లికి ఆ 299 నిమిషాలు పొద్దు పొడవక ముందు కొన్ని, పొద్దు గూకినాక కొన్ని.

తెలుగు సాహిత్యం ఈ బరువును ఎరగనిది కాదు. విమల 'వంటిల్లు' కవిత, ఇల్లు అలికీ అలికీ తన పేరే మరచిపోయిన ఇల్లాలి మీద పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే' కథ ఎంతోమందిని కదిలించాయి. అయితే ఈ బాధను చెప్పే బాధ్యతను కూడా మనం ఆడవాళ్లకే వదిలేశామని మా అభిప్రాయం. కరువు మీద, వలస మీద ఇంత గొప్పగా రాసిన ఈ నేల మగ రచయితలు తమ ఇంటి జాలాట్ల దగ్గర ఎందుకు ఆగలేదు? వలసపోయిన చోట గుడిసెలో వంట ఎవరు చేశారో కూడా ఆ చరిత్రలో భాగమే.

రచయితలకు మా విన్నపం ఒక్కటే. మీ ఇంటి పనుల మీద, మీ ఊరి మాటలోనే రాయండి. 'బోళ్లు నేను తోమాలె' అని మగమనిషి అనే కథలు మాకు పంపండి. అచ్చేస్తాం.