అన్నీ చేసే లెన్స్ అంటే ఎందుకంత చిన్నచూపు?

"ఆల్ ఇన్ వన్ జూమా? మేడమ్‌కైతే అది చాలు సార్." పంజాగుట్టలో ఒక కెమెరా షాపతను ఈ మాట అన్నది నాతో కాదు, మా వారితో. కెమెరా ఉన్నది నా మెడలో. చీటీ పాడిన డబ్బులున్నది నా హ్యాండ్‌బ్యాగులో. అయినా జవాబు మాత్రం ఆయనకే!

ఇంటికొచ్చాక మా మరిదిదీ అదే పాట. "అన్ని పనులూ చేసేది ఏదీ సరిగ్గా చెయ్యదు వదినా. రెండు లెన్సులు పెట్టుకుని మార్చుకోవాలి." వంట, పిల్లల హోంవర్కు, కరెంటు బిల్లు, అత్తయ్య మందులు అన్నీ ఒక్కదాన్నే చూసుకునే ఇంట్లో, నేనిచ్చిన టీ తాగుతూ అన్నాడు.

సరే, పెద్ద చదువులు చదివినవాడు కదా అని విన్నాను. కెమెరాతో వచ్చిన 18-55కి తోడు దూరానికి ఇంకో లెన్స్ కొన్నాను.

ఆ ఆషాఢంలో అత్తయ్య బల్కంపేట ఎల్లమ్మకి బోనం ఎత్తారు. మా అమీర్‌పేట నుంచి గుడి ఎంత దూరమని, నడిచే వెళ్ళాం. ఆవిడ దూరంగా ఉండగా పెద్ద లెన్స్‌తో రెండు ఫోటోలు తీశాను. దగ్గరికొచ్చేసరికి ఫ్రేములో పట్టలేదు. ఆ తోపులాటలో ఒక లెన్స్ చంకలో, ఇంకోటి చేతిలో పెట్టుకుని మార్చేలోపు ఆవిడ నన్ను దాటేశారు. నా వైపు చూసి నవ్వారట, మా పాప చెప్పింది. మరుసటేడు మోకాళ్ళు సహకరించలేదు. మళ్ళీ బోనం ఎత్తలేదు. ఆ నవ్వు నా దగ్గర లేదు. సెన్సార్ మీద పడ్డ దుమ్ము మాత్రం ఉంది.

అప్పుడు వెళ్ళి 18-270 కొన్నాను. గుడి ముందు జనమంతా ఒక ఫోటోలో, ఆ జనంలో ఒక్క ముఖం ఇంకో ఫోటోలో. మధ్యలో రింగ్ తిప్పడమే పని.

దీనికి లోపాల్లేవా అంటే, ఉన్నాయి. 18 దగ్గర గోడల అంచులు కాస్త వంగుతాయి. 270 దగ్గర పదును తగ్గుతుంది, అపర్చర్ ఎఫ్ 6.3కి పడిపోతుంది. 50 ఎఫ్ 1.8 లెన్స్ తీసుకునే వెలుతురులో ఇది దాదాపు పన్నెండో వంతే. స్కూల్ యాన్యువల్ డే స్టేజీ మీద డాన్స్ తీస్తే మసకే. వణుకు తగ్గించే ఏర్పాటు మన చేతి వణుకుని ఆపుతుంది గానీ, గెంతే పిల్లల్ని ఆపదు కదా! అందుకే ఇంట్లో, హాల్లో తియ్యడానికి ఆ చిన్న 50 కూడా ఉంచుకున్నాను. పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళకి ఖరీదైన లెన్సులు అవసరమే, కాదనను.

నా గొడవల్లా కొలత గురించి. కెమెరాని స్టాండు మీద పెట్టి, ఇటుక గోడని ఫోటో తీసి, మూలలు పెద్దవి చేసి చూసి "పనికిరాదు" అంటారు. మన పిల్లలు గోడల్లా నిలబడతారా? ఆల్బమ్‌లో అరచేతంత ప్రింటులో ఆ మూలలు ఎవరు చూస్తారు? టామ్రాన్ 1992లోనే 28-200 తెచ్చింది. నికాన్ 2005లో 18-200 తెచ్చింది. అవన్నీ "మేడమ్‌ల" కోసమే చేశారా?

మీరు కొనాలనుకుంటే మీ మెమరీ కార్డు షాపుకి పట్టుకెళ్ళండి. 18, 50, 100, 270 దగ్గర తలా రెండు ఫోటోలు తీసి ఇంట్లో చూసుకోండి. లెన్స్‌ని కిందికి వేలాడదీసి, దానంతటదే జారుతుందేమో చూడండి. నచ్చకపోతే మానెయ్యండి. కానీ మీ పనికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోండి.

షాపతను మీ వారి వైపు తిరిగి జవాబు చెప్తే మాత్రం ఊరుకోకండి. "డబ్బులిచ్చేది నేను బాబూ, నాతో చెప్పు" అనండి. ఆ రోజు నేను అనలేదు. అనుంటే అత్తయ్య నవ్వు ఇవాళ మా గోడ మీద ఉండేది.