కాల్పుల ఆటకు సొంత బాణీ

గత సంవత్సరము కళాశాల వార్షికోత్సవమునాడు మేము నలుగురము కలిసి తయారుచేసిన వీడియో గేము ఒకటి తెరపై ప్రదర్శింపబడినది. అందులోని కథ స్వల్పము. రాత్రివేళ గోవాడ చెరకు తోటలోనికి అడవిపందులు గుంపులు గుంపులుగా దిగును. మంచెపై నిలిచిన కావలివాడు వడిసెలతో రాళ్ళు రువ్వి వానిని తరిమివేయవలెను. బొమ్మలు పాతకాలపు ఆటలలోవలె చదరపు చుక్కలతో కూర్చినవి. ఈ పద్ధతి ఆటలను నేడు 'రెట్రో షూటర్లు' అని పిలుచుచున్నారు. మా ఆటకు సంగీతము కావలసివచ్చినపుడు మేము కష్టపడలేదు. పేరు చెప్పనక్కరలేని ఒక చలనచిత్రములోని పోరాటపు బాణీని తెచ్చి అతికించినాము.

ప్రదర్శన మొదలైన క్షణములోనే సభ అంతయు చప్పట్లతో తాళము వేసినది. వెనుక వరుసలవారు పాట నందుకొన్నారు. మొదట మేము పొంగిపోయినాము. రెండు నిమిషములు గడచిన పిమ్మట గమనించినదేమనగా, తెరపై పందులు తోటను సగము మేసివేసినను చూచుచున్నవారు ఒక్కరును లేరు. ఆ చప్పట్లు మావి కావు. ఆ పాటవి.

ఆనాటినుండి ఈ విషయముపై మాలో మేము వాదించుకొని ఒక అభిప్రాయమునకు వచ్చినాము. దానిని విద్యార్థి మిత్రుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము. కాల్పుల ఆటకు, అందునను పాతతీరు ఆటకు, సంగీతము పైపూత కాదు. అది ఆటలోని ఒక అవయవము. అరువు తెచ్చిన అవయవము అతుకదు.

1978లో జపానులోని టైటో సంస్థ 'స్పేస్ ఇన్వేడర్స్' అను ఆటను వెలువరించినది. తోమోహిరో నిషికాదో దానిని రూపొందించినాడు. ఆ ఆటలోని సంగీతమంతయు కలిపి నాలుగే మంద్ర స్వరములు. ఒకదాని తరువాత ఒకటి దిగుచు, మరల మొదటికి వచ్చుచుండును. తెరపై శత్రువులు తగ్గినకొలది యంత్రమునకు బొమ్మలు గీయు పని తగ్గి, మిగిలినవి వడివడిగా కదలసాగినవి. నిషికాదో దానిని లోపముగా ఎంచి సవరింపక ఆటలో భాగముగా ఉంచుకొన్నాడు. ఆ నాలుగు స్వరములును వానితోపాటే వేగము నందుకొనును. ఆడువాని గుండె కూడ వానితో పరుగెత్తును. ఆ స్వరములను తీసివేసి ఎంత గొప్ప పాటను అక్కడ పెట్టినను ఆ పని జరుగదు. పాటకు తన నడక తనకుండును. శత్రువులెందరు మిగిలినారో దానికి తెలియదు.

ఈ వేగము పెరుగుట మన ఉత్తరాంధ్రకు కొత్తది కాదని మాలో ఒకరు అన్నప్పుడు మిగిలినవారము నవ్వినాము. తరువాత తప్పెటగుళ్ళ ప్రదర్శనను మరల చూచినాము. రొమ్మునకు కట్టుకొన్న గుండ్రని రేకు తప్పెటలను రెండు చేతులతో వాయించుచు, కాళ్ళ గజ్జెలతో అడుగువేయుచు, మెల్లగా మొదలుపెట్టి క్రమముగా వేగము హెచ్చించి, చివరకు ఒకరిపైనొకరు ఎక్కి నిలుచు విన్యాసములవరకు పోవుదురు. చూచువానికి ఊపిరి సలుపదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలలో తరతరములుగా నున్న విద్య ఇది. గోవాడ, చోడవరము 2022లో అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినవి కాని, తప్పెటకు జిల్లా సరిహద్దు లేదు కదా!

ఇక పరిమితుల మాట. 1982లో వచ్చిన కమోడోర్ 64 అను కంప్యూటరులో బాబ్ యానెస్ రూపొందించిన ధ్వని చిప్పునకు మూడే గొంతులు. 1983లో జపానులో వెలువడిన ఫామికాము యంత్రమునకు ఐదు: రెండు చతురస్ర తరంగములు, ఒక త్రిభుజ తరంగము, ఒక రొద, చిన్నచిన్న ధ్వని ముక్కలను వినిపించునది మరియొకటి. అంతకుమించి ఒక్క స్వరమైనను పలుకదు. అందుచేత స్వరకర్తలు ఉపాయములు పన్నినారు. మూడు స్వరములను ఒకేసారి వినిపింప వీలులేనిచోట వానిని అతివేగముగా మార్చి మార్చి పలికించి, చెవిని నమ్మించినారు. ప్రేలుడు శబ్దము వచ్చినపుడు అది సంగీతములోని ఒక గొంతును లాగికొనును గనుక, పోయినను లోటు తెలియని స్వరములనే ఆ గొంతునకు అప్పగించినారు.

తెలుగు చదివినవారికి ఇది వింతగా తోచరాదు. కందపద్యములో బేసిగణముగా జగణము రాకూడదు. ఆరవ గణము జగణమో నలమో కావలెను. ఈ నియమములన్నియు పాటించియే మన కవులు వేలకొలది కందములు చెప్పినారు. కట్టుబాటు లేనిచో వారు ఇంకను గొప్పగా చెప్పియుండెడివారా? మేము నమ్మము.

ఇప్పుడు రెట్రో షూటరనగానే అందరికిని స్ఫురించునది 1993 డిసెంబరు 10న వెలువడిన 'డూమ్'. దాని స్వరకర్త రాబర్ట్ ప్రిన్స్. ఆ ఆటలో పాటలు రికార్డు చేసిన ధ్వనులుగా గాక, ఏ స్వరము ఎప్పుడు మ్రోగవలెనో తెలుపు పట్టికలుగా నిక్షిప్తమైనవి. అందుచేత ఒకే పాట ఒకరి సౌండు కార్డుపై సన్నగాను, మరియొకరి కార్డుపై నిండుగాను వినిపించెడిది. ఆ పాటలలో అమెరికా, ఇంగ్లండు హెవీ మెటల్ బృందముల పోలికలు కొట్టవచ్చినట్లు కనబడును. ప్రిన్స్ పూర్వము న్యాయవాది. ఎంతవరకు పోలవచ్చునో, ఎక్కడ ఆగవలెనో ఎరిగినవాడు. మూడేండ్ల తరువాత, 1996లో, అదే సంస్థవారి 'క్వేక్' ఆటకు ట్రెంట్ రెజ్నర్, ఆయన నైన్ ఇంచ్ నెయిల్స్ బృందము సంగీతము కూర్చినారు. అందులో పాట దాదాపు లేదు. పాడుబడిన కోటలో గాలి మూలుగు వంటి రొద ఉన్నది. భయమునకు అది చాలినది. (డూమ్ సంస్థను 2021లో మైక్రోసాఫ్టు కొనివేసినది. ఆ మైక్రోసాఫ్టునకు అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. ఆటలు కాలక్షేపమని కోపగించుకొను పెద్దలు ఈ మాట ఒక్కమారు ఆలోచింపగోరెదము.)

2016లో వచ్చిన డూమ్‌కు మిక్ గోర్డన్, 2018లోని 'డస్క్'కు ఆండ్రూ హల్షుల్ట్ కూర్చిన సంగీతము పిమ్మట, ఈ తరహా ఆటకు బరువైన గిటారు మ్రోత తప్పనిసరి యను భావము స్థిరపడినది. ఆ ఇరువురి ప్రజ్ఞపట్ల మాకు గౌరవమే. అయితే వారు తమ ఊరి సంగీతమును తమ ఆటలలో పెట్టుకొన్నారు. మనము వారి ఊరి సంగీతమును మన చెరకు తోటలో పెట్టుట ఎందుకు? 2020లో పూనా సంస్థ యొకటి 'రాజీ' అను ఆటను మన పురాణగాథల ఛాయలో నిర్మించినది. దాని సంగీతము కూర్చినవాడు లినోస్ జెలోస్ అను గ్రీకు దేశస్థుడు. శ్రద్ధగానే కూర్చినాడు. ఆయనను తప్పు పట్టము. మన దేశములో ఆట తయారైనపుడు ఆ ఆసనము మనవారిలో ఒకరికి దక్కలేదే యను వెలితి మాత్రము మాకున్నది.

మా ప్రయత్నము సంగతి దాపరికము లేకుండ చెప్పెదము. ఈ సంవత్సరము సినిమా బాణీని తీసివేసి, కమోడోర్ వలె మూడే గొంతులు వాడవలెనని నియమము పెట్టుకొన్నాము. ఓపెన్ ఎంపీటీ అను ఉచిత సాఫ్టువేరు దీనికి చాలినది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. నిమిషమునకు 150 దెబ్బల నడకలో, ఆదితాళము ఎనిమిది ఆవర్తములు, అనగా 64 దెబ్బల బాణీ యొకటి కట్టినాము. వినుటకు బాగుగనే యుండెను. ఆటలో పెట్టిన అరగంటకు మాకే వెగటు పుట్టినది. కాగితముపై లెక్క వేసినపుడు కారణము తెలిసినది. 64 దెబ్బలు 25.6 సెకండ్లలో ముగియును. ఒక అంకమున పది నిమిషములు చిక్కుకొన్నవాడు ఆ బాణీని ఇరువదిమూడు మార్లకు పైగా వినవలెను. ఎంత తీయని పాటయైనను అన్ని మార్లు వినిన చేదగును.

ఇక్కడ మాకు దారి చూపినవారు ఉర్దూ విభాగపు మిత్రులు. గజల్‌లో ప్రతి షేర్ చివర అదే రదీఫ్ వచ్చును, దాని ముందున్న కాఫియా మారుచుండును, అందుచేతనే సభ విసుగుకొనక, ఆ మాట ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచునని వారు చెప్పినారు. మేము ఆవర్తపు చివరి నాలుగు దెబ్బలను మాత్రము స్థిరముగా ఉంచి, వాని ముందరి ముక్కను నాలుగు విధములుగా మార్చినాము. ఇంకొక చిన్న యుక్తి కూడ చేసినాము. తప్పెట దరువును 64 దెబ్బలకును, రాగపు వరుసను ఏడేడుగా ఎనిమిది మార్లు, అనగా 56 దెబ్బలకును కట్టినాము. రెండును కలిసి మొదటికి వచ్చుటకు 448 దెబ్బలు, సుమారు మూడు నిమిషములు, పట్టును. అంతవరకు అవే స్వరములు కొత్త పొత్తులతో వినిపించుచుండును. వెగటు సగము తగ్గినది.

మరియొక చిక్కు వచ్చినది. వడిసెల రాయి తగిలిన శబ్దము తప్పెట దరువులో మునిగిపోయినది. రాయి తగిలినదో లేదో చెవికి తెలియనిచో ఆట ఆటయే కాదు. బుర్రకథలో కథకుడు ముఖ్యమైన మాట చెప్పుచుండగా వంతల గుమ్మెటలు తగ్గును. పద్మశ్రీ షేక్ నాజర్ గారి కథలు వినినవారెవరికైనను ఈ సంగతి తెలిసియుండును. మేమును అట్లే, రాయి తగిలిన క్షణమున దరువు ఒక్క రవ్వ వెనుకకు తగ్గునట్లు అమర్చినాము. ఈ ఒక్క సవరణకు మాకు పదిరోజులు పట్టినది. వర్ణించుటకు ఒక్క వాక్యమే సరిపోయినది!

తప్పెట వాయించినవారు మా ఊరి పెద్దలు. వారి అనుమతి తీసికొన్న పిమ్మటనే రికార్డు చేసినాము. వారి పేర్లు ఆట చివర తెరపై వచ్చును. సినిమా పాటను అడుగక తెచ్చుకొన్నపుడు ఈ మర్యాద మేము ఎవరికిని చేయలేదు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము సంగీత కృతిపై హక్కు కర్త జీవితకాలమునకు పైన అరువది సంవత్సరములు నిలుచును. 2017లో ఇళయరాజా గారు తమ పాటల విషయమై ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము గారికే న్యాయవాది ద్వారా నోటీసు పంపినారు. అంతటివారి నడుమనే ఈ ప్రశ్న లేచినపుడు మనమెంత? కృత్రిమ మేధను అడిగిన ఒక్క నిమిషములో బాణీ చేసి ఇచ్చును గదా యని మిత్రుడొకడు సలహా చెప్పినాడు. ఇచ్చును. కాని ఆ 448 దెబ్బల లెక్క మాకు ఎన్నటికిని తెలియక పోయెడిది.

కమిటీలో కొందరు పెద్దలకు ఈ పని చదువుగా తోచుటలేదని విన్నాము. కాల్పుల ఆట పిల్లలను చెడగొట్టునని వారి భయము. ఆ భయమును తేలికగా తీసివేయము. మా ఆటలో పంది చావదు, పారిపోవును. అది మేము బుద్ధిపూర్వకముగా చేసిన నిర్ణయమే. అయినను ఆట మంచిచెడ్డలు ఒక చర్చ, దాని సంగీతము నేర్చుట వేరొక చర్చ. గణితము, భౌతికశాస్త్రము, ఛందస్సు, తాళము ఒకేచోట అవసరమైన పని ఇంకొకటి మన పాఠ్యప్రణాళికలో ఎక్కడున్నదో మాకు కనబడలేదు. మన పొరుగున విజయనగరములో 1919లో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడనే పాశ్చాత్య వాద్యమైన ఫిడేలుపై బోధించి దానిని తెలుగువారి వాద్యము చేసినారు. ఫిడేలునకు దొరికిన ఆదరము ఈ మూడు గొంతుల చిప్పునకు దొరకరాదా?

కమిటీవారికి మా మనవి పెద్దది కాదు. వారమునకు రెండు రోజులు, తరగతులు ముగిసిన పిమ్మట రెండేసి గంటలు కంప్యూటరు గదిని తెరచియుంచవలెను. నాలుగు జతల హెడ్‌ఫోనులు కావలెను. స్పీకర్లపై పనిచేసినపుడు ప్రక్కన గ్రంథాలయములోనివారు పడిన బాధ మాకు తెలియనిది కాదు. వచ్చే వార్షికోత్సవమునుండి అరువు బాణీతో వచ్చిన ఆటకు, నాటకమునకు, నృత్యమునకు బహుమతి ఈయరాదను నియమము చేసిన, దానికి మొదట లోబడువారము మేమే.

ఆటలో మూడవ అంకము ఇంకను పూర్తికాలేదు. తెల్లవారుజామున పందులు వెనుదిరుగుచుండగా గోవాడ చక్కెర కర్మాగారపు సైరను మ్రోగవలెనని మా ఊహ. గానుగాట ముమ్మరముగా సాగిన రోజులలో ఆ కూత విని ఊరు నిద్రలేచెడిది, చెరకు బండ్లు కదలెడివి. జ్ఞాపకముమీద దానిని మూడు గొంతులలో పలికింప చూచినాము. ఒకరికి హెచ్చు శ్రుతిగాను, మరియొకరికి తగ్గు శ్రుతిగాను జ్ఞాపకమున్నది. నలుగురము నాలుగు విధములుగా పాడినాము. పాత క్యాసెట్టులోనో, పెండ్లి వీడియోలోనో వెనుకనెక్కడైనను ఆ సైరను కూత వినబడుచున్నచో, అట్టిది ఉన్న మిత్రులు దయచేసి మాకొకమారు వినిపింపవలెనని కోరుచున్నాము.