మేరీ రాణిగారి కడగొట్టు బిడ్డ



మన సంఘాలలో మేరీ అన్న పేరు లేని వీధి ఉండదు. అల్లవరం మొదలుకొని ఓడలరేవు దాకా ఎక్కడ నిలబడి "మేరమ్మా" అని కేక వేసినా ఇద్దరు ముగ్గురు గుమ్మంలోకి వస్తారు. ఈ నెల ఆ పేరుగల ఒక రాణిని గూర్చి వ్రాస్తున్నాను. 2022లో కన్నుమూసిన ఎలిజబెత్ రాణికి ఈమె స్వయాన నాయనమ్మ. మన పెద్దవాళ్లు జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న వెండి రూపాయలు ట్రంకు పెట్టెలో దాచుకునేవారు గదా, ఆ అయిదవ జార్జిగారి భార్య.

ఆమె 1867 మే 26న లండనులో పుట్టింది. రాజవంశమే గాని ఇంటినిండా అప్పులు. తల్లిగారిది ధారాళమైన చెయ్యి. 1883లో అప్పులవాళ్ల ఒత్తిడికి తాళలేక కుటుంబమంతా ఇటలీ దేశంలోని ఫ్లోరెన్సు పట్టణానికి వెళ్లి రెండేళ్లు పొదుపుగా కాలం గడిపారు. అప్పుచేసి ఊరు విడిచిన ఇళ్లు మనమూ చూశాం. రాజబంధువులకు కూడా తప్పలేదన్నమాట.

1891 డిసెంబరులో విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్ట్ విక్టర్‌తో నిశ్చితార్థం జరిగింది. నెలన్నర తిరిగేసరికి ఆ అబ్బాయి ఇన్‌ఫ్లుయెంజా సోకి, నిమోనియాతో చనిపోయాడు. మన వైపయితే ఆ పిల్లను ఏమేమి అనేవారో నేను చెప్పనక్కరలేదు. విక్టోరియా రాణి మాత్రం ఈ పిల్లే మా ఇంటి కోడలు కావాలని పట్టుబట్టింది. 1893లో చనిపోయినవాని తమ్ముడు జార్జికిచ్చి పెండ్లి చేశారు. అయిదుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల పుట్టారు. కడగొట్టువాడు జాన్, 1905 జూలై 12న పుట్టాడు.

అప్పటికి ఆమె యువరాణి. అదే సంవత్సరం అక్టోబరులో మూడు నెలల పసివానిని అత్తమామల దగ్గర వదిలి, భర్తతో కలసి ఇండియాకు ఓడెక్కింది. 1906 ఫిబ్రవరిలో హైదరాబాదు వచ్చినప్పుడు స్త్రీల కొరకు కట్టబోయే విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి వేసింది. ఆ ఆసుపత్రిలో తరువాత ఎందరు తెలుగు తల్లులు పురుడు పోసుకున్నారో! ఆ రాయి వేసిన చేతులు ఎత్తుకోవలసిన ఏడు నెలల బిడ్డ మాత్రం ఇంగ్లండులో ఉన్నాడు. రాజుల ఇళ్లలో ఆ రోజుల్లో అదే పద్ధతి. అయినా ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

జాన్‌కు నాలుగేళ్ల ప్రాయంలో మూర్ఛలు మొదలయ్యాయి. 1911 జూన్‌లో తల్లిదండ్రుల పట్టాభిషేకానికి అన్నలందరూ వెళ్లారుగాని వానిని తీసుకువెళ్లలేదు. అందరి ముందూ ఫిట్సు వస్తే ఎలాగన్న భయం. ఆనాడు రాణి తలమీద ఉన్న కిరీటంలో మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు వజ్రం మెరుస్తోంది. (2023లో కమిలా రాణి అదే కిరీటం పెట్టుకున్నది, కోహినూరు లేకుండా.)

మూర్ఛలు ఎక్కువైన కొద్దీ, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జాన్‌ను సాండ్రింగామ్ ఎస్టేటులోని ఉడ్ ఫార్మ్ అనే ఇంట్లో వేరుగా ఉంచారు. లాలా అని పిల్లలు పిలుచుకునే దాది వానిని కనిపెట్టుకొని ఉండేది. పూలమొక్కలు వేసుకునేందుకు తోట ఉండేది, ఆడుకోవడానికి చుట్టుప్రక్కల పిల్లలను రానిచ్చేవారు. పస్తులుంచలేదు, కొట్టలేదు. కాని వాని జబ్బు సంగతి ప్రజలకు తెలిసింది వాడు చనిపోయిన తరువాతనే. 1919 జనవరి 18న నిద్రలో గట్టిగా మూర్ఛ వచ్చి, పదమూడేళ్ల జాన్ ఈ లోకం విడిచాడు. కబురు అందగానే రాణి, రాజు కారులో ఆ ఇంటికి వెళ్లారు. దాది గుండె పగిలి ఉంది.

ఆ తల్లిని నిందించడానికి నాకు మనసొప్పదు, మెచ్చుకోవడానికీ ఒప్పదు. ఎందుకంటే ఉడ్ ఫార్మ్ వంటి ఇల్లు మా వీధిలోనూ ఒకటుండేది. ఆ ఇంట్లో పదేళ్ల పిల్లవానికి ఫిట్సు వచ్చేవి. చుట్టాలొస్తే వెనుక వసారాలోకి పంపేవారు. అక్కను చూడడానికి పెండ్లివారు వచ్చిన రోజున వానిని మేనత్తగారి ఊరు పంపించివేశారు. సంబంధం తప్పిపోతుందని భయం. నేను నెలకు రెండుసార్లు ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్లేదాన్ని. వాడు ఎక్కడ అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. సువార్తలోని తండ్రి తన చాంద్రరోగి బిడ్డను నలుగురి ఎదుటికి తీసుకువచ్చిన సంగతి ఎన్నిసార్లు చదివి వినిపించానో ఆ ఇంట్లోనే! ఒకరోజు వాడు కాలువ రేవులో పడిపోతే, గేదెలు కడుగుతున్న మనిషి జుట్టు పట్టుకొని పైకి లాగాడు. అప్పుడుగాని అమలాపురం డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లలేదు. మాత్రలు మొదలుపెట్టాక ఏడాదిలో మూర్ఛలు ఆగాయి.

మూర్ఛకు ఫెనోబార్బిటాల్ మందు 1912 నుంచే ఉంది. ఈనాడు సరిగా మందులు వాడితే పదిమందిలో ఏడుగురి వరకు మూర్ఛలు లేకుండా బ్రతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిట్సు వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల ఉపయోగం లేదు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టకండి. కాళ్లు చేతులు అదిమి పట్టకండి. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, తల క్రింద మెత్తనిది ఏదైనా పెట్టండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బాగున్నాడు గదా అని డాక్టరును అడగకుండా మాత్రలు మానిపించవద్దు. కాలువకు, చెరువుకు ఒంటరిగా పంపవద్దు. మన కోనసీమలో ఎటు చూసినా నీళ్లే గదా.

మేరీ రాణి ఆ తరువాత ముప్ఫై నాలుగేళ్లు బ్రతికింది. 1936 జనవరిలో భర్త పోయాడు. ఆ డిసెంబరులోనే పెద్దకొడుకు ఎడ్వర్డు తాను కోరుకున్న స్త్రీ కొరకు సింహాసనం వదులుకున్నాడు. ఆమె దానిని ఎన్నడూ ఒప్పుకోలేదు. 1942 ఆగస్టులో మరో కొడుకు, కెంటు ప్రభువు జార్జి, విమాన ప్రమాదంలో మరణించాడు. యుద్ధం రోజుల్లో డెబ్బై ఏళ్లు దాటిన ఆ మనిషి పల్లెలో ఉంటూ గోడలకు ప్రాకిన తీగలు పీకించడం, పాత ఇనుము ఏరించడం పనిగా పెట్టుకున్నది. 1952 ఫిబ్రవరి 6న రాజుగా ఉన్న రెండవ కొడుకు ఆరవ జార్జి కూడా పోయాడు. కన్న అయిదుగురు మగపిల్లలలో ముగ్గురి చావు చూసింది. రాణి అయిన మనుమరాలికి నమస్కరించడానికి తానే వెళ్లింది.

1953 మార్చి 24న, ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూసింది. నా కొరకు సంతాపం పాటించి మనుమరాలి పట్టాభిషేకం వాయిదా వేయవద్దని ముందే చెప్పింది. అలాగే జూన్ 2న అది జరిగింది. ఆమెను విండ్సరులో భర్త ప్రక్కన ఉంచారు. జాన్ సమాధి సాండ్రింగామ్ చర్చి ఆవరణలో ఉంది.