ఆ ఇళ్లు ఊహ కాదు, మాల్టావే



గత సంచికలో చిత్రకారుడు ఎషర్ ముద్రణ చిత్రాలపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ ఆయన భవనాలన్నీ గణితంలోంచి పుట్టిన ఊహలేనన్న మాట ఒప్పుకోలేను. 1956 నాటి ‘ప్రింట్ గ్యాలరీ’ లిథోగ్రాఫ్‌లో సుడి తిరిగే ఇళ్లు మాల్టా ద్వీపంలోని సెంగ్లియా రేవు పట్టణానివి. ఆ ఊరిని ఆయన 1935లోనే చెక్క అచ్చుగా చెక్కారు. 1945 నాటి ‘బాల్కనీ’లో ఉబ్బి కనిపించేవీ ఆ మేడలే.

బొమ్మ దగ్గర పెట్టుకుని చూడండి. వాలు కప్పులు కావు, చదును డాబాలు. వానలు తక్కువైన దీవి కనుక డాబా మీద పడిన నీటిని కింద తొట్లలోకి మళ్లించుకునేవారు. స్థానిక సున్నపురాతి గోడలు నీటి అంచు నుంచే ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు లేస్తాయి. ఎండ పడిన గోడ తెలుపు, పక్క గోడ నలుపు. చెక్క అచ్చు పనివాడికి ఇంతకన్నా ఏం కావాలి!

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులకు సెంగ్లియా తీవ్రంగా దెబ్బతింది. కాబట్టి 1935 అచ్చును కట్టడాల చరిత్రకు ఆధారంగానూ చూడాలి. వ్యాసంతో పాటు అది వేయాల్సింది. వచ్చే సంచికలోనైనా ప్రచురించండి.

– ఒక పాఠకుడు, విజయనగరం