చదివినట్లు గుర్తు

ఉదయం కుమ్హారి స్టేషనులో లోకల్ రైలెక్కి పవర్ హౌస్‌లో దిగేలోగా మేము ఫోనులో ఇరవై ముప్పై వార్తలను వేలితో పైకి నెట్టివేస్తూ ఉంటాము. దిగే సమయానికి అవన్నీ ‘చదివినవి’ అయి కూర్చుంటాయి. నిజానికి మేము చదివినవి రెండో, మూడో. మిగిలినవి కూడా చదివినామని యంత్రం ఎట్లు నిర్ణయించినది? ఇంజనీరు బుద్ధి కావున ఈ ప్రశ్న మమ్ము వదలలేదు.

వేర్వేరు వెబ్‌సైట్ల వార్తలను ఒకచోటికి చేర్చి చూపే ప్రోగ్రాములను ఫీడ్ రీడర్లు అంటారు. వీటికి ఆధారమైన ఆర్.ఎస్.ఎస్. పద్ధతి 1999లో వచ్చినది. ప్రతి సైటు తన కొత్త వ్యాసాల పట్టికను ఒక నిర్ణీత రూపంలో ఉంచుతుంది. రీడర్ కొంత వ్యవధికొకసారి ఆ పట్టికను తెచ్చుకొని, ఒక్కొక్క వ్యాసానికి ఉన్న గుర్తింపు సంకేతాన్ని బట్టి పాతదేదో కొత్తదేదో తేల్చుకొంటుంది. ఆ సంకేతం ఎదుట ‘చదివినది’ లేక ‘చదవనిది’ అని గుర్తు పెట్టుకొంటుంది. మన మనస్సులోనికి తొంగిచూచే సాధనమేదీ దాని వద్ద లేదు. కావున మన చేతలను బట్టి ఊహించుకొనవలసినదే.

2005 నుండి 2013 వరకు నడచిన గూగుల్ రీడర్‌నే తీసుకొందాము. శీర్షికల వరుసలో ఒకదానిని తెరిస్తే చాలు, అది చదివినట్లు. వ్యాసాలను పూర్తిగా పరచి చూచేటప్పుడు తెరపై నుండి దాటిపోతే చాలు, చదివినట్లు. ముప్పై రోజులు గడిస్తే, ఎవరూ తాకకపోయినా చదివినట్లే! అన్నింటికీ ఒకేసారి ఆ గుర్తు వేసే మీట కూడా ఉండేది. అయితే, ‘దీనిని చదవనిదిగానే ఉంచుము’ అని చెప్పే సదుపాయం కూడా పాఠకునికి ఇచ్చినారు. అది మెచ్చదగిన విషయము.

ఇందులో మరొక చిక్కు కలదు. సైటువారు సంకేతాన్ని మార్చితే, పాత వ్యాసమే కొత్తదై మరల వస్తుంది. సంకేతం మార్చక లోపలి విషయాన్ని సవరిస్తే, ‘చదివినది’ అన్న గుర్తు అట్లే ఉండిపోయి సవరణ మన కంట పడకపోవచ్చును.

ఈ రెండవ చిక్కు మాకు ఫోనులో కాదు, కాగితం మీద ఎదురైనది. కొన్నేళ్ళ క్రిందట మేము పనిచేసిన ఒక విభాగంలో గ్యాసు లైను పనికి సంబంధించిన సర్క్యులరు ఒకటి, పాత నంబరుతోనే, సవరించబడి వచ్చినది. వాల్వు మూసిన పిమ్మట బ్లైండు ప్లేటు కూడా బిగించవలెనని అందులో ఒక్క వాక్యం చేర్చినారు. నంబరు చూచి, ‘ఇది చదివినదే కదా’ అని మేము సంతకం చేసినాము. మరునాడు వాల్వు మూయించి, పని మొదలుపెట్టమన్నాము.

“సార్, ప్లేటు వేయలేదు. కొత్త కాగితంలో ఉన్నది. మీరు కూడా సంతకం చేసినారు” అన్నాడు మా ఫిట్టరు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినను మేము తల ఎత్తలేకపోయినాము. బ్లాస్టు ఫర్నేసు గ్యాసులో ఐదవ వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ సోదరుడు చదివి ఉండకపోతే ఏమయ్యేదో పాఠకులే ఊహించగలరు.

యంత్రానికి మన మనస్సు తెలియదు, సరే. మన సంతకానికి మాత్రం తెలిసినదా? సవరించిన సర్క్యులరుకు సవరణ సంఖ్య వేసి, మారిన వాక్యం క్రింద గీత గీయడం పంపేవారి బాధ్యత. సంతకానికి ముందు అందులోని సారాంశాన్ని ప్రక్కవారికి ఒక్క మాటలో చెప్పి చూచుకొనడం మన బాధ్యత. చెప్పలేకపోతే, అది ఇంకా ‘చదవనిదే’.

ఇండ్లలోని వారికి కూడా ఒక విన్నపము. వాట్సాప్‌లో నీలిరంగు టిక్కులు 2014లో వచ్చినవి. అవి సందేశం తెరచినట్లు చెప్పునే గాని అర్థమైనట్లు చెప్పవు. ఊరిలోని అమ్మకు డాక్టరు మందు మోతాదు మార్చితే, టిక్కులు చూచి ఊరుకొనక ఒక్కసారి ఫోను చేసి, “ఎన్ని మాత్రలు వేసుకొంటావమ్మా?” అని అడగండి. ఆమె చెప్పిన లెక్క సరిపోయినప్పుడే మన సందేశం చేరినట్లు.