పద్యానికి నవ్వులు, ర్యాప్‌కి చప్పట్లు

"పద్యనాటకం ఎవరు చూస్తారండీ ఈ రోజుల్లో?" అనే మాట ఇక్కడి మన సంఘాలవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రాయబారానికొచ్చినవాడు చెప్పాల్సింది చెప్పకుండా రాగం తీస్తూ కూచుంటాడేమిటి, అసహజంగా లేదూ, అని వాదన. ఈ అనేవాళ్ళలో సగంమంది 'హామిల్టన్' చూసొచ్చినవాళ్ళే. ఊరికే చూడటమా, టిక్కెట్లమ్మే రోజు పొద్దున్నే కంప్యూటర్ల ముందు పడిగాపులు కాసినవాళ్ళు! 1790 నాటి అమెరికాలో, రాష్ట్రాల అప్పులు కేంద్రం నెత్తికెత్తుకోవాలా వద్దా అని జెఫర్సన్, హామిల్టన్ మైకులు పుచ్చుకుని ర్యాప్‌లో తిట్టుకుంటే మాత్రం ఒక్కరికీ అసహజంగా అనిపించలేదు.

నాకూ అనిపించలేదు. 2015లో ఆల్బమ్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ పాటలు స్కైట్రెయిన్‌లో విని విని అరగదీసినవాణ్ణి. 2020లో డిస్నీ ప్లస్‌లో వస్తే అదీ చూశాను. ఇంతా చేసి 2022లో అది వాంకూవర్ వచ్చినప్పుడు, క్వీన్ ఎలిజబెత్ థియేటర్‌లో మొదటిసారి ఎదురుగా చూసేసరికి, ఇన్నాళ్ళూ విన్నది భోజనం కాదు, మెనూ కార్డు అని తేలింది.

తేడా ఏమిటంటారా? ఊపిరి. పొడుగాటి చరణం మొదలయ్యే ముందు నటుడు గుండెల నిండా గాలి పీల్చుకోవడం కనిపిస్తుంది. ఇప్పుడు తడబడితే ఎలా అని మన ఊపిరి కూడా ఆగుతుంది. రికార్డింగులో తడబాటుండదు కాబట్టి ఆ భయం ఉండదు, భయం లేదు కాబట్టి ఆ సంతోషమూ ఉండదు. ఇంకోటి, టీవీలో ఎవర్ని చూడాలో కెమెరా చెబుతుంది. ఇక్కడ నా ఇష్టం. చివరి ద్వంద్వయుద్ధంలో అందరూ హామిల్టన్‌ని చూస్తుంటే నేను బర్ ముఖమే చూస్తూ కూచున్నాను.

హాల్లోంచి బయటికొస్తుంటే నాకు గుర్తొచ్చింది తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు'. నవ్వకండి. పద్యం పాటా కాదు, మాటా కాదు. వాదన మాటలా నడుస్తుంది, రాగం దాన్ని మోస్తుంది. ర్యాప్ చేసేదీ అదే, రాగం బదులు దరువు. ఆ జంటకవులు వాడిన తెలుగు ఎంత వాడుకగా ఉందంటే, బడి మొహం చూడనివాళ్ళు కూడా కృష్ణ రాయబారం పద్యాలు కంఠతా పట్టారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడిగా వస్తున్నారంటే జనం కథ తెలుసుకోడానికి వెళ్ళలేదు, ప్రతి పద్యం ముందే వచ్చు. ఈ రాత్రి ఈయన దాన్ని ఎలా ఎత్తుకుంటాడో వినడానికి వెళ్ళారు. క్వీన్ ఎలిజబెత్ థియేటర్‌లో నా చుట్టూ పెదాలు కదుపుతూ కూచున్న జనం కూడా అదే పని మీద వచ్చారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పద్యనాటకాన్ని పాడు చేసినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. వన్స్‌మోర్ల కోసం రాగం సాగదీసి సాగదీసి నాటకాన్ని తెల్లవారుజాముదాకా లాగారు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ మనుషులు మారిపోయేవారు (ద్రౌపది గుర్తుపట్టేదో లేదో!). హామిల్టన్‌లో 20 వేల పైచిలుకు మాటలున్నా మూడు గంటల్లోపే ముగుస్తుంది. మనమూ రాగాన్ని కత్తిరించాల్సింది. కానీ మనం నాటకాన్నే కత్తిరించేశాం.

"పిల్లలకి అర్థం కాదండీ" అనేది మరో సాకు. సర్రేలో పుట్టిన తెలుగు పిల్లలకి అమెరికా ఖజానా చరిత్ర అర్థమయ్యే ఆ ర్యాపంతా నోటికొచ్చిందా? ముందు నోటికొచ్చింది, అర్థం తర్వాత వెతుక్కున్నారు. పద్యమూ అలాగే వస్తుంది. అంతగా కావాలంటే తెర మీద ఇంగ్లీషు అనువాదం వేద్దాం. ఒపెరాకి అలా రంగస్థలం పైన అనువాదం చూపించే పద్ధతిని 1983లో మొదలుపెట్టింది సాక్షాత్తూ టొరాంటోలోని కెనడియన్ ఒపెరా కంపెనీ. ప్రొజెక్టరు మన దగ్గరా ఉంది, స్పాన్సర్ల ప్రకటనలు వెయ్యడానికి.

నాకు అసలు ఒళ్ళు మండేది ట్రాకుల విషయంలో. హామిల్టన్ ఏ ఊరెళ్ళినా వాద్యగాళ్ళు ఎదురుగా కూచుని వాయిస్తారు. మన వేదిక మీద పెదాలాడించడం, పెన్‌డ్రైవులో సంగీతం, మధ్యలో శాలువాలు. మూడొంతులు సినిమా పాటలే. 1957 నాటి 'మాయాబజార్' సినిమాని పండక్కోసారి చూసి మురిసిపోతాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై తరతరాలుగా కుటుంబాలకి కుటుంబాలే నాటకమాడుతున్న సురభివాళ్ళు అదే మాయాబజార్‌ని, మాయలన్నీ కళ్ళెదుటే చేసి చూపిస్తూ, గ్రాఫిక్స్ లేకుండా ఆడతారని మనలో ఎంతమందికి పట్టింది? సినిమా గాయకుడికి విమానం టిక్కెట్టు కొన్న ప్రతిసారీ డబ్బులుంటాయి. వీళ్ళ పేరెత్తగానే బడ్జెట్ అయిపోతుంది!

సరే, సురభిని రప్పించమని ఇప్పుడే అనను. వచ్చే ఉగాదికి రెండు సినిమా మెడ్లీలు తగ్గించి 20 నిమిషాలు ఇవ్వండి చాలు. రాయబారం ఒక్క ఘట్టం వేస్తాం. హార్మోనియం ఉంది, తబలా వాయించే మనిషి దొరికాడు, అనువాదం స్లైడ్లు నేనే చేస్తాను. కృష్ణుడు మొదట్నుంచి చివరిదాకా ఒక్కడే ఉంటాడని రాసిస్తాను కూడా.