గోడలకే కాదు, ఫోనుకూ చెవులున్నాయి

గృహహింసకు గురైన స్త్రీ గడప దాటనవసరం లేదు, వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేస్తే చాలునని ప్రభుత్వాలూ, స్వచ్ఛంద సంస్థలూ చెబుతున్నాయి. వినడానికి ఇంపుగానే ఉంది. అయితే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందని ఎవరూ అడగరేమి? ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడుకునే కుటుంబాలు మన బస్తీలలో కొల్లలు. సిమ్ భర్త పేరిట ఉంటుంది. లాక్ తీయడం అత్తగారికీ తెలుసు. ఆమె ఫిర్యాదు పంపిన మరునిమిషమే 'మీ ఫిర్యాదు అందినది' అన్న సందేశం ఆ ఫోనుకే వస్తే అది రక్షణ కాదు, కొట్టేవాడికి చేరిన కబురు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం శారీరక లేదా లైంగిక హింసను అనుభవించిన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. మిగిలినవారి మౌనంలో భయం పాలెంతో ఊహించలేమా?

2005 నాటి గృహహింస చట్టం మతంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ వర్తిస్తుంది. అవసరమైతే విచారణను రహస్యంగా జరపవచ్చునని దాని 16వ సెక్షన్ చెబుతోంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయస్థానం తలుపులు మూసి కాపాడే రహస్యాన్ని, ఆమె ఆ గుమ్మం చేరకముందే ఒక సందేశం బట్టబయలు చేయడం ఏమి న్యాయం?

జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు తెలుసు: గోప్యమైన కాగితం సీలు వేసిన కవరులో వెళుతుంది, పోస్టుకార్డుపై కాదు. వెబ్‌సైట్‌కూ అదే నియమం ఉండాలి. ఏ నంబరుకు, ఏ వేళ ఫోను చేయడం క్షేమమో ముందుగా అడగాలి. ఆమె సమ్మతి లేనిదే ఓటీపీ గానీ సందేశం గానీ పంపరాదు. పేరు, చిరునామా చెప్పకుండానే సలహా పొందే వీలుండాలి. ప్రకటనల సంస్థలు ఆ పేజీలపై నిఘా వేయకుండా చూడాలి. ఒక్క నొక్కుతో ఆ పేజీ తొలగి, వాతావరణ సమాచారం వంటి మామూలు పేజీ తెరుచుకునే బటన్ ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్ల రూపకర్తలకు ఇటువంటి బటన్‌ను తయారుచేసి ఇచ్చింది. అయితే బటన్ నొక్కినా ఫోనులో హిస్టరీ చెరిగిపోదు. 181కు చేసిన కాల్ కూడా జాబితాలో మిగిలే ఉంటుంది. ఆ హెచ్చరికనూ సులభమైన తెలుగులో, ఉర్దూలో మొదటి పేజీలోనే ఇవ్వాలి.

వివరాలు తప్పనిసరి చేయకపోతే తప్పుడు ఫిర్యాదులు వస్తాయని కొందరంటారు. నిజానిజాలు తేల్చడానికి మేజిస్ట్రేటులున్నారు. తప్పుడు ఫిర్యాదును తర్వాత కొట్టివేయవచ్చు. పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేము.

బాధ్యత ప్రభుత్వానిది మాత్రమే కాదు. ఆమె గోడును వాట్సాప్ గ్రూపులలో పంచే అలవాటును మన సంఘాలు నేడే మానాలి. పై మార్పులను కోరుతూ జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారులకు ఊరూరా వినతిపత్రాలు ఇవ్వాలని పాఠకులను కోరుతున్నాం.